అర్ధఘంట సాధన

ఉద్యోగమును గుఱించి గాక, తీఱిక వేళలందు తాము చేయు పనిని గుఱించి యేదేని వ్రాసి పంపుడని మన సంచికా సంపాదకులు పూర్వవిద్యార్థులను కోరియున్నారు. మాకు తీఱిక యనునది దినమునకు అర్ధఘంట మాత్రమే. రాత్రి భోజనములై, గిన్నెలు కడిగి బోరగిలించిన పిదప, తొమ్మిది గంటలకు మొదలై తొమ్మిదిన్నరకు ముగియును. దానిని మేము మాండొలిన్ వాద్యమునకు వినియోగించుచున్నాము. మాండొలిన్ అనగానే మనవారికి పాలకొల్లు శ్రీనివాసుగారును, త్యాగరాజకృతులును జ్ఞప్తికి వచ్చుట సహజము. మేము నేర్చుచున్నది వేఱు. అమెరికా దేశమున కెంటకీ, టెన్నెస్సీ, ఉత్తర కరొలైనా మొదలగు కొండసీమల పాటలనుండి పుట్టిన బ్లూగ్రాస్ అను సంగీతమది. మేము 19 ఏండ్లుగా ఉత్తర కరొలైనాలో లెక్కలు వ్రాయు ఉద్యోగముచే జీవించుచున్నాము. ఆ ఊరి గాలిలో నున్న పాట మా చెవిలో దూరి, చెవినుండి వ్రేళ్లలోనికి దిగినది.

ఆ సంగీతమును విననివారికొఱకు రెండు మాటలు చెప్పవలెను. కెంటకీలో విరివిగా మొలచు నొకవిధమగు పచ్చికకు బ్లూగ్రాస్ అని పేరు. ఆ రాష్ట్రమున రోజిన్ అను పల్లెలో 1911లో పుట్టిన బిల్ మన్రో అను నాయన తన మేళమునకు స్వదేశాభిమానముచే బ్లూ గ్రాస్ బాయ్స్ అని పేరు పెట్టుకొనెను. తరువాత ఆ బాణీకంతకును ఆ పేరే నిలిచిపోయినది. 1939లో ఆ మేళము నాష్విల్ నగరపు రేడియో కచేరిలో చేరినది. 1945 డిసెంబరులో ఎర్ల్ స్క్రగ్స్ అను 21 ఏండ్ల యువకుడు తన అయిదు తీగల బాంజోతో వచ్చి కలిసిన పిమ్మటనే ఈ సంగీతమునకు నేడు మనము వినెడి రూపు కుదిరినదని పెద్దలందురు. ఫిడేలు, బాంజో, మాండొలిన్, గిటారు, మనిషియెత్తు నిలువు బాస్ వాద్యము, ఇవి అయిదును ముఖ్యములు. మద్దెల గాని డోలు గాని ఉండదు. పాట సాగుచుండగా ఒక్కొక్క వాద్యకాడును ముందుకు వచ్చి తన వంతు వాయించి వెనుకకు తగ్గును. కొండజాతి తెల్లవారి పాట యని దీనిని కొందఱు చెప్పుదురు గాని అది సగము మాట. బాంజో ఆఫ్రికానుండి బానిసలుగా తేబడిన వారి వాద్యము. మన్రో బాల్యమున నృత్యముల కడ ఆర్నాల్డ్ షుల్ట్జ్ అను నల్లజాతి వాద్యకారునితో కూడ వాయించి, ఆయనవద్ద గ్రహించినది చాల కలదని తానే చెప్పుకొనుచుండెడివాడు.

మన్రోకు మాండొలిన్ దొరకిన విధము వినదగినది. ఆయన ఇంటిలో కడగొట్టువాడు. అన్నలు ఫిడేలును గిటారును తీసికొనగా ఎవరికిని అక్కఱలేని మాండొలిన్ ఈయనకు మిగిలినది. దానికి ఎనిమిది తీగలుండగా, ఎక్కువ చప్పుడు చేయకుండుటకై నాలుగే వేసికొమ్మని అన్నలు కట్టడి చేసిరట! చివరకు ఆ మిగులు వాద్యమునకే ఆయన గొప్ప గౌరవము తెచ్చెను. 1923లో తయారైన ఆయన మాండొలిన్‌ను 1985లో ఎవరో దుండగులు ఇంటిలో చొరబడి ముక్కలు చేయగా, గిబ్సన్ కంపెనీ పనివారు ఆ చెక్కముక్కలను ఏఱి అతికి మరల నిలిపిరి. ఆయన 1996లో గతించువఱకు దానినే వాయించెను.

ఇక మా సంగతి. మాకు గురువు లేడు. ఉండిన నెలకొకమాఱు పాఠము చెప్పించుకొనుటకైనను తీఱిక లేదు. ఇట్టి గృహస్థునకు ఎదురుపడు మొదటి ప్రశ్న, ఈ అర్ధఘంటలో ఏమి చేయవలెననునదే. చిన్ననాట మా మేనత్తగారు పెరటి వసారాలో కూర్చుండి పిల్లలకు సంగీతము చెప్పుచుండిరి. సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారములు, గీతములు. ప్రతిదియు మూడు కాలములలో పాడి ఒప్పగించిన గాని తరువాతి పాఠము లేదు. పురందరదాసులవారి నాటినుండి వచ్చుచున్న ఆ మెట్లబాటపై నడచు పిల్లకు రేపు ఏమి నేర్వవలెనను చింతయే యుండదు. బ్లూగ్రాస్‌కు అట్టి పాఠక్రమము పుట్టుకతో లేదు. అది వరండాలలోను, కొట్టములలోను, నూలుమిల్లు విరామవేళలలోను ఒకరిని జూచి మఱియొకరు పట్టుకొన్న విద్య. కాబట్టి మేనత్తగారి స్థానమున మేమే కూర్చుండి మాకు మేమే పాఠము నిర్ణయించుకొనవలసి వచ్చినది.

అందుకై 200 పుటల గీతల పుస్తక మొకటి పెట్టుకొంటిమి. అందులో ప్రతి నెల మొదటి దినమున ఆ నెలకు గుఱి వ్రాయుదుము. “బాగుగా వాయించవలెను” అనునది గుఱి కాదు. అది కోరిక. దానిని చేరితిమో లేదో తెలియు సాధనము లేదు. “ఈ నెల ఓల్డ్ జో క్లార్క్ అను గతిని నిమిషమునకు 80 దెబ్బల కాలమున, ఆగకుండ, మూడుమాఱులు వరుసగా వాయించవలెను” అనునది గుఱి. నెలాఖరున చేరితిమా, ఔనో కాదో చిన్నపిల్లవాడు సైతము చెప్పగలడు. పిల్లలారా, మీరు పరీక్షలకు ముందు “గణితము బాగుగా చదువవలె”నని గోడపై వ్రాసికొందురు గదా. దానికిని, “రేపు సాయంకాలమునకు ఈ అధ్యాయములోని పది లెక్కలు చూడకుండ చేయవలె”నని వ్రాసికొనుటకును గల భేదమే ఇది.

ఇచ్చట గతి యొక్క కొలతను చెప్పవలెను. ఈ సంగీతమున ఫిడేలు గతులు పెక్కు రెండు ముక్కలుగా నుండును. ఒక్కొక్క ముక్కను రెండుమాఱులు వాయింతురు. మొత్తము 64 దెబ్బలలో ఒక ఆవృత్తి ముగియును. దెబ్బకు నాలుగేసి స్వరములు. నిమిషమునకు 60 దెబ్బల కాలమున వాయించిన ఒక నిమిషము పైచిల్లర పట్టును. 100 దెబ్బలకు హెచ్చించిన 40 క్షణములైనను పట్టదు. అనగా ఆ వేగమున నిమిషమునకు 400 స్వరములు! కుడిచేతిలోని బిళ్ల ఒకమాఱు క్రిందికి, ఒకమాఱు పైకి, గడియారపు లోలకమువలె తప్పక కదలవలెను. ఎడమచేతి వ్రేళ్లు మెట్లపై జంటతీగలను అదుముచుండవలెను. తొలి మాసములలో వ్రేలికొనలు కంది మండును. ఆఱు వారములకు కాయలు కాచి మంట తగ్గును. పొలము పనివారి అరచేతిలో ఉండెడి కాయలే ఇవియు.

కాలము చూపుటకు మెట్రొనోము అను యంత్రము కలదు. టిక్కుటిక్కుమని సమానముగా కొట్టుచుండును. ఇప్పుడు అది టెలిఫోనులోనే వచ్చుచున్నది. మేము పాటించు పద్ధతి యిది: 60 దెబ్బలవద్ద మొదలిడుదుము. మూడుమాఱులు నిర్విఘ్నముగా సాగిన గాని 64కు పోము. 64 నుండి 68, ఇట్లు నాలుగేసి చొప్పున. రెండు దినములు ఒకేచోట నిలిచిపోయిన నాలుగు మెట్లు దిగి మరల ఎక్కుదుము. గతి అంతయు వాయించక, ఎక్కడ చేయి తడబడునో ఆ నాలుగు దెబ్బల ముక్కను మాత్రము పట్టుకొని ఇరువదిమాఱులు త్రిప్పుదుము. ఇది వినువారికి ఎంత విసుగో మా గృహిణిని అడిగిన చెప్పును. పుట్టింట దంపుడు రోకటి చప్పుడు వినుచు పెరిగితిననియు, దానివలన కడపట బియ్యమైనను వచ్చుచుండెననియు ఆమె అభిప్రాయము.

యంత్రముకన్న మంచి పరీక్షను స్క్రగ్స్ సోదరులు కనిపెట్టిరి. ఎర్ల్ స్క్రగ్స్ 1924లో మా రాష్ట్రముననే ఫ్లింట్ హిల్ అను పల్లెలో ఒక వ్యవసాయకుటుంబమున పుట్టెను. నాల్గవ యేటనే తండ్రి గతించెను. యుద్ధకాలమున షెల్బీ పట్టణపు నూలుమిల్లులో పనిచేసెను. ఆయనయు అన్న హారెస్‌ను చిన్నతనమున ఇంటిముందు వీపు వీపు ఆనించి నిలుచుండి, ఒకే గతిని ఒకేసారి మొదలిడి, ఒకడు కుడివైపునకు, ఒకడు ఎడమవైపునకు ఇంటిచుట్టు నడచుచు వాయించెడివారట. నడుమ ఒకరి వాద్యము ఒకరికి వినబడదు. ఇంటివెనుక కలిసికొనునప్పటికి ఇద్దఱును గతిలో ఒకేచోట నుండవలెను. ఇంతకంటె చవుకయైన, కఠినమైన పరీక్ష మఱియొకటి లేదు. ఒక ఆదివారము మేమును, గిటారు నేర్చుచున్న మా పదునాలుగేండ్ల కుమార్తెయు మా ఇంటిచుట్టు ఇట్లే నడచి చూచితిమి. ఇంటివెనుక కలిసికొనునప్పటికి ఆమె మాకంటె రెండు దెబ్బలు ముందుండెను. ఎవరు పరుగెత్తిరి, ఎవరు వెనుకబడిరి అను వ్యాజ్యము నేటికిని తేలలేదు. ప్రక్కయింటి కుక్కకు మాత్రము ఈ ప్రదక్షిణము ఏమాత్రమును నచ్చలేదు. అయినను పుస్తకములో అది ఒక గుఱిగా చేరినది: “ఇంటిచుట్టు మూడు ప్రదక్షిణములు, కలిసికొనుటలో భేదము లేకుండ.”

చెవిని గుఱించి కొంచెము విస్తరించి చెప్పవలెను. ఏ తీగపై ఏ మెట్టున వ్రేలు పెట్టవలెనో అంకెలతో సూచించు కాగితములు ఎన్నియో దొరకును. అవి చూచి వాయించువాడు అంకెలను వాయించును; కాగితము తీసివేసిన నిలువున ఆగిపోవును. ఇందును గుఱించి మాకు మంచి మార్గము దొరకినది శ్రీనివాసుగారి చరిత్రలోనే. ఆయన 1969లో పాలకొల్లులో పుట్టి, బాల్యముననే మాండొలిన్ పట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములో తొలి కచేరి చేసిన సంగతి మన జిల్లాలవారు ఎఱిగినదే. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించుట రాదు. గురువుగారు పాడెడివారు, బాలుడు ఆ పాటను తీగపై పలికించెడివాడు. గురువు వ్రేళ్లను చూచి అనుకరించుటకు వీలులేకపోవుటయే ఆ బాలునకు మేలైనదని మా తలంపు. పాట ముందు గొంతులోనికి వచ్చిన గాని వ్రేలికి దారి తెలియదు. ఆ మహావిద్వాంసునితో మాకు పోలికయా? కాదు, కాని దారి మాత్రము చిన్నవారికిని పెద్దవారికిని ఒకటే. అందుచే ప్రతి నెలలోను మొదటి నాలుగు దినములు మాండొలిన్ పెట్టె మూత తీయము. ఆ అర్ధఘంటయు గతిని వినుట, పాడుట. కచేరికి కారులో పోవుచు పాడుట వేఱు. అది లెక్కలోనికి రాదు. నాలుగు దినములైన పిదప పెట్టె తీసినప్పుడు వ్రేళ్లు మూడువంతులు దారిని తామే వెదకికొనును.

ఇప్పుడు చెప్పబోవునది మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచిన లెక్క. మేము వృత్తిచే లెక్కలవారము గదా! మా ఊరికి పదునాఱు మైళ్ల దూరమున ఒక పాత దుకాణపు వెనుకగదిలో నెలకొకమాఱు శనివారమునాడు సాయంకాలము పది పండ్రెండుగురు కూడి వలయముగా కూర్చుండి వాయింతురు. ప్రవేశరుసుము లేదు, వినువారు లేరు. వడ్రంగులు, ఉపాధ్యాయినులు, ఒక పళ్లవైద్యుడు, మేము. ఒక్కొక్క పాటలో ఒక్కొక్కనికి ఒక వంతు వచ్చును. పదిమంది యుండిన ఒకని వంతు పాటలో పదవపాలు. తక్కిన తొమ్మిది పాళ్లలో వాడేమి చేయును? ఇతరులకు తోడు నిలుచును. మాండొలిన్‌కు ఆ తోడు విలక్షణమైనది. బాస్ వాద్యము దెబ్బను పలికినప్పుడు మేము మౌనము. రెండు దెబ్బల నడుమ మేము ఒక్క చఱపు చఱచి, వెంటనే ఎడమచేతిని సడలించి ధ్వనిని త్రుంచివేయవలెను. మద్దెల లేని మేళమునకు ఇదియే మద్దెల. ఇది ఒకనికి సరిగా లేకున్న పదిమంది పాటయు ఒడ్డుకు కొట్టుకొనిపోవును. అట్లుండ, మా వంటి అభ్యాసకులు ఇంటివద్ద తమ కాలమంతయు తమ వంతు సొగసునకే వెచ్చింతురు. పదవపాలు పనికి పదిపాళ్ల సాధన! ఏ లెక్కలవాడు దీనికి సంతకము పెట్టును? కావున మా అర్ధఘంటలో పదునైదు నిమిషములు చఱపునకే పోవును. రికార్డు పెట్టుకొని, దానితోపాటు, పాట ఎంత సేపైన పరుగెత్తక, వెనుకబడక నిలుచుట. వినుటకు ఇందులో సొగసేమియు లేదు. వలయములో మాత్రము మన ప్రక్కవాడు మనవైపు కుర్చీని కొంచెము జరుపుకొనును. దాని విలువ అక్కడనే తెలియును.

ఆ వలయమునకు పెద్ద ఒక గిటారు వాద్యకారుడు. వయస్సు 81. నూలుమిల్లులో 34 ఏండ్లు పనిచేసి విరమించినవారు. మేము మనసులో తాతగారనియే పిలుచుకొందుము. పాటను ఎంచువారు ఆయన, శ్రుతి చెప్పువారు ఆయన, మొదటి నాలుగు దెబ్బలతో కాలము నిలుపువారు ఆయన. ఎవరి వంతు వచ్చినదో తలయూపి చెప్పుదురు. పాట ముగియనున్నదనుటకు కుడికాలు కొంచెము పైకెత్తుదురు. పండ్రెండుగురును ఆ కాలినే చూచుచుందురు. గిటారు పెట్టె మూతలోపల ఒక అట్టముక్క అంటించి, దానిపై పెన్సిలుతో 61 పాటల పేర్లును, శ్రుతులును వ్రాసికొన్నారు. అందులో పెక్కు ఎల్లరకు తెలిసినవే. కొన్ని మాత్రము ఆ లోయలోనివి. మూడింటికి పేరే లేదు. వానిని ఆయన చిన్నతనమున ఫిడేలు వాయించు పినతల్లివద్ద నేర్చిరి. అట్టపై వానికి ఎదురుగా పినతల్లి పేరు మాత్రము మూడుమాఱులు వ్రాసియున్నది.

2024 నవంబరులో ఆయన వలయమునకు వచ్చి గిటారు పెట్టె తీయక కూర్చుండిరి. కీళ్లవాపు చేత ఎడమచేతి వ్రేళ్లు ముడుచుకొనుట లేదట. వైద్యులు మందిచ్చిరి గాని తీగ నొక్కవద్దనిరి. ఆ సాయంకాలము ఏడు పాటలైన పిదప ఎవరికిని ఎనిమిదవది తోచలేదు. మొదలిడుట ఎట్లో ఎవరికిని రాదు. ఇన్నాళ్లును అందఱును వెంబడించుటయే నేర్చిరి. ఎనిమిదిన్నరకు లేచు గుంపు ఆనాడు ఏడున్నరకే లేచినది. ప్రక్క కౌంటీలో ఇట్టిదే మఱియొక వలయము దాని పెద్ద గతించిన రెండు నెలలకు మూతపడెను. ఈ సంగతి అందఱికిని తెలియును. ఎవరును పైకి అనలేదు. పోవునప్పుడు తాతగారు అట్టముక్కను పెట్టెనుండి ఊడదీసి మా చేతిలో పెట్టి, “అబ్బాయీ, నీకు పుస్తకములో వ్రాసికొను అలవాటున్నది గదా” అనిరి. మా వయస్సు 52.

ఆ రాత్రియే పుస్తకము తీసి చూచితిమి. రాబోవు సంవత్సరమునకు మేము పెట్టుకొన్న గుఱి నాలుగు గతులను 120 దెబ్బల వేగమునకు ఎక్కించుట. దినమున అర్ధఘంట అర్ధఘంటయే. అందులో రెండు గుఱులు ఇమడవు. వేగమును కొట్టివేసి, “2025లో 20 పాటలను మొదలిడి నడిపించుట” అని వ్రాసితిమి. వలయములో బాంజో వాయించు ఒక యువకుడు ఇది సరికాదని మాతో గట్టిగా వాదించెను. అభ్యాసకుడు తన విద్యను పెంచుకొనవలెను గాని గుంపు బరువును ఎత్తుకొనరాదనియు, చేతికి ఎదుగుదల యున్న నాలుగైదేండ్లను ఇట్లు వెచ్చించిన ఆ వేగము మాకు ఎన్నటికిని రాదనియు అతని వాదము. అతని మాటలో కడపటిది నిజమే కావచ్చును. 52వ యేట వదలిన వేగము 57వ యేట ఎదురుచూచుచు కూర్చుండదు. కాని నెలకొకమాఱు కూర్చుండుటకు వలయమే లేకపోయిన 120 దెబ్బల వేగముతో మేము వాయించునది ఎవరికొఱకు? మా వంటగదిలోని గిన్నెలకొఱకా? ఇట్లు చెప్పగా అతడు నవ్వి ఊరకుండెను, ఒప్పుకొనలేదు.

నడిపించుటకు కావలసిన సాధన వేఱని త్వరలోనే తెలిసినది. పాటను వాయించుట వచ్చినంతమాత్రమున మొదలిడుట రాదు. నిశ్శబ్దములోనుండి సరియైన కాలమును తీయవలెను. గదిలో ఆనాడు వచ్చినవారిలో అందఱికంటె నెమ్మదియైనవాడు ఎవడో చూచి వానికి అందునట్లు తీయవలెను. అందుచే మెట్రొనోమును మూసివేసి, 84 దెబ్బల కాలమును ఊహించి వాయించి, తరువాత యంత్రమును తెఱచి సరిచూచుకొనుట అను కొత్త అభ్యాసము పెట్టుకొంటిమి. వారమునకు అయిదు రాత్రులలో నాలుగుమాఱులు రెండు మూడు దెబ్బల తేడాలోనికి వచ్చుటకు జనవరి అంతయు పట్టినది. పాటలకు మాటలుండును. వానిని పాడవలెను. మా తెలుగు నాలుకకు కొండసీమల ఉచ్చారణ పొసగదు; పాడినచో నవ్వుదురేమోయని సంకోచము. తాతగారిని అడిగితిమి. వలయములోనివారు మా ఉచ్చారణ వినరనియు, శ్రుతిలో ఉన్నామా లేదా అనునదే విందురనియు ఆయన చెప్పిరి. ఆయనకు మగ్గముల చప్పుడు వలన చెవులు కొంత మందమని తరువాత తెలిసినది!

2025 ఫిబ్రవరిలో మొదటిమాఱు మేము పాట ఎంచి, శ్రుతి చెప్పి, నాలుగు దెబ్బలు తీసితిమి. గొంతు ఎండిపోయినది. మూడవ దెబ్బకు బాస్ వాద్యము వచ్చి కలిసెను, తరువాత అందఱును. ముగింపున మేము కాలు ఎత్తగా సగముమంది మావైపు చూడక అలవాటుచొప్పున తాతగారి కాలివైపే చూచుచుండిరి. ఆయన అది కనిపెట్టి తన కాలునుకూడ మాతోపాటు ఎత్తిరి. పాట అందఱికిని ఒకేచోట ముగిసినది. నాటినుండి ప్రతి నెలయు ఆయన మా ప్రక్కనే గిటారు లేకుండ కూర్చుండుచున్నారు. ఆయన కాలు మాత్రము నేటికిని లేచుచునే యున్నది. మార్చినుండి మా కుమార్తెయు గిటారుతో వచ్చుచున్నది. ఆమెకు అట్టపైని పాటలలో ఆఱింటికి తంత్రుల మార్పులు కంఠస్థములు.

మేము ఇది వ్రాయునాటికి 20లో 14 పాటలు చేతికి వచ్చినవి. పేరులేని మూడింటిలో రెండు అందులో చేరినవి. వానికి రికార్డు గాని కాగితము గాని లేదు. ఆయన ఈల వేయగా టెలిఫోనులో పట్టుకొని, ఆ నాలుగు దినముల నియమముప్రకారము ముందు పాడుకొని, పిదప తీగపై వెదకికొంటిమి. మూడవది చిక్కుచున్నది. దాని రెండవ ముక్కను ఆయన ఒకమాఱు ఒకవిధముగను, మరల అడిగిన మఱియొక విధముగను ఈల వేయుచున్నారు. పినతల్లిగారు వాయించినది ఏదియని అడిగితిమి. ఆయన కొంతసేపు ఆలోచించి, “రెండును” అనిరి. ఈ నెల మొదటి విధమును 72 దెబ్బలవద్ద సాధించుచున్నాము. రెండవ దానికి వచ్చు నెల పుటలో చోటు విడిచియున్నది.